తొమ్మిదో బాయి అరటిపండు

సోమవారం. గాలి బాగుంది.

తొమ్మిదో బాయి బాలబడి. హాజరు: ఒక్కరు.

ఆ ఒక్కరూ ఎవరని కేంద్రం వారం వారం అడుగుతుంది, నేను వారం వారం రాస్తాను. పేరు సమ్మక్క, పిలుపు సమ్మి. నాలుగేళ్ళు నిండాయి. నాన్న ఓదెలు, ఊటనీళ్ళు తోడే పంపుల దగ్గర పని. అమ్మ శారద, గాలిపంకాల దగ్గర పని. రెండో పేరు రాయమంటే రెండో పిల్ల ఉండాలి కదా! పిల్లలున్న సంసారాలన్నీ ఒకటొకటిగా రెండో బాయికి వెళ్ళిపోయాయి. అక్కడ దీపాలెక్కువ, ఊట తక్కువ. ఇక్కడి పంపులు ఆగితే మా నీళ్ళు వాళ్ళ మీదకే పోతాయి కాబట్టి కొందరం ఉండక తప్పదు. మా తాతలు బొగ్గు తవ్విన బాయిలోనే మేం కాపురం. పైకి వెళ్ళి చూసొచ్చిన వాళ్ళు ఎండకు తోలు ఊడి దిగారు, తర్వాత ఎవరూ వెళ్తామనలేదు.

నేను ప్రమీల, టీచర్ని. ఇంట్లో నాకోసం చూసే వాళ్ళు లేరు. ఈ చిట్టా ఎవరూ చదవరని తెలుసు గనుక నోటికొచ్చింది రాస్తాను.

సైరన్ కూయగానే తడిసిన చాపలు ఎత్తి పంకా ముందు ఆరేశాను. ఇసుక పెట్టెలో ఇసుక కలియబెట్టాను. బువ్వాట గిన్నెలు కడిగి బోర్లించాను. అంతలో సొరంగంలో దబ్బున చప్పుడు, వెంటనే ఎల్లవ్వ శాపనార్థాలు. పరుగెత్తుకెళ్ళి చూద్దును కదా, జొన్న గట్క గిన్నెతో వస్తున్న ముసలామెను సమ్మి నేరుగా వెళ్ళి గుద్దేసింది. ఇద్దరూ కింద పడ్డారు. గట్క నేలపాలు.

"కండ్లు దొబ్బినయా పిల్లా! ఇంత మనిషి కనవడ్తలేనా?" అని ఎల్లవ్వ లేస్తూ తిడుతోంది.

సమ్మి ఏడవలేదు. ఎల్లవ్వ కాలును చేత్తో తట్టి చూసింది.

"టీచర్, అవ్వ గట్టిగున్నది."

"గట్టిగ ఉండక మెత్తగ ఉంటదా బిడ్డా?"

"పొడుగక్క గట్టిగుండదు. పొడుగక్కల నుంచి పోవచ్చు."

పక్కకు తప్పుకోవాలని ఆ పిల్లకు తెలియదు. మనిషిలోంచి దూరి పోవచ్చనుకుంది.

మంగళవారం. గాలి తక్కువ. రెండో పంకా మొరాయించింది.

పొడుగక్క ఎవరో రాయకపోతే నేను రాసేది అర్థం కాదు. పిల్లలు లేని బడికి కేంద్రం నీడపిల్లల్ని ఇచ్చింది. గోడలో దిగేసిన దీపాలు వెలగగానే ముగ్గురు పిల్లలు గదిలో నిలబడతారు. మాట్లాడతారు, నవ్వుతారు, ఆడతారు, కాని చెయ్యి పెడితే గాలే. సమ్మి వాళ్ళకు పేర్లు పెట్టింది: పొడుగక్క, బుగ్గడు, రెండుజడలు. "ఆటలోనే చదువు" అన్నది కేంద్రం మాట, నాదీ అదే మాట. నాలుగేళ్ళ పిల్లకు అక్షరాలెందుకు? ఇసుకలో గుంత తవ్వితే లెక్క వస్తుంది, బువ్వాటలో వడ్డిస్తే పంచుకోవడం వస్తుంది, ఓడిపోతే ఓర్చుకోవడం వస్తుంది. అయితే ఓడిపోవాలి కదా.

ఇవాళ నేలా బండా ఆడించాను. మా గదిలో రబ్బరు పరిచింది నేల, గోడవారన వదిలేసిన రాతి గట్టు బండ. పంటలు వేసుకుని, చివరికి మిగిలినవాడు దొంగ. దొంగ నేల కోరుకుంటే మిగతావాళ్ళు బండ మీదే ఉండాలి, కిందికి దిగితే దొంగ ముట్టుకుంటాడు.

సమ్మి దొంగ ముందే ఊరేగినట్టు తిరిగింది. బుగ్గడు దొంగ. పక్కనే ఉన్నా ముట్టుకోడు.

"భలే సమ్మక్కా! నువ్వే గెలిచావు!" అంటాడు, పుస్తకం మింగినట్టు.

బువ్వాటలో గిన్నెలన్నీ తన ముందు పెట్టుకుంది. "మాకు ఆకలి లేదు సమ్మక్కా, నువ్వే తిను" అన్నారు ముగ్గురూ. ఛీ, ఇంత మంచి పిల్లలు ఎక్కడైనా ఉంటారా! పొద్దుటి నుంచి గెలిచిన పిల్ల ముఖంలో ఒక్క నవ్వు లేదు. మధ్యాహ్నానికి గోడ వైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం తీగ ఫోను మోగింది. కేంద్రం నుంచి నజీమా మేడం వచ్చే వారం వస్తుందట. పిల్ల నలుగురితో ఆడగలదా లేదా చూస్తుందట. ఆడలేకపోతే రెండో బాయి వసతి బడికి తీసుకెళ్తారు, అమ్మానాన్నలు లేకుండా. ఓదెలుకు ఈ మాట చెప్పాను. చేతిలో రెంచీ అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

"టీచరమ్మా, పొల్లను ఇడిసి శారద బతకది. నేను పంపులిడిసి పోలేను. నువ్వే ఏమన్న జెయ్యి."

"చేస్త" అన్నాను. ఏం చేస్తానో నాకే తెలియదు. కాని నాకూ ఆ పిల్ల కావాలి. ఆ పిల్ల రాని గదిలో చాపలు ఎవరికోసం ఆరేయాలి?

బుధవారం. గాలి ఫరవాలేదు.

సమ్మి రాకముందే దీపాలు వేసి ముగ్గురినీ నిలబెట్టి నిలదీశాను.

"సమ్మిని ఎందుకు ముట్టుకోరు?"

పొడుగక్క తల వంచి మర్యాదగా చెప్పింది. "సమ్మక్క అందరికన్నా చిన్నది కదా టీచర్. ఆటలో అరటిపండు."

అరటిపండట!

నీడపిల్లల్ని తయారు చేసే రోజుల్లో కేంద్రం వాళ్ళు వచ్చి మా ఆటలన్నీ అడిగి తెలుసుకున్నారు. మా వాళ్ళు ఉత్సాహంగా చెప్పారు. మరీ చిన్నది ఆటలో చేరతానని మారాం చేస్తే దాన్ని అరటిపండు చేస్తాం. అరటిపండు అందరితోపాటు ఉరుకుతుంది, దాక్కుంటుంది, అరుస్తుంది. దొరికినా ఔట్ కాదు, దొంగ కాదు, లెక్కలో ఉండదు. ఆటకు ఒక్కరే అరటిపండు. చిన్నదాని మనసు నొప్పించకుండా పెద్దపిల్లలు కనిపెట్టిన పద్ధతి, అంత ముద్దయిన పద్ధతి ఎవరు చెప్పకుండా ఉంటారు! నీడలకు అదే నేర్పారు. చెప్పనిది ఒక్కటే, ఎందుకంటే అది చెప్పాల్సిన సంగతి అని ఎవరికీ తోచలేదు. వెనక ఇంకో చిన్నది రాగానే పాత అరటిపండు దిగిపోతుంది. నేను మా చెల్లెలు లేచి నడవగానే దిగిపోయాను, మూడు రోజులు ఏడ్చాను కూడా.

సమ్మి వెనక ఎవరూ పుట్టలేదు. నీడలు సమ్మితోపాటే ఎదుగుతాయి, ఎప్పుడూ ఒక ఏడు పెద్దగానే ఉంటాయి. ఇంక సమ్మి ఎప్పుడు దిగాలి?

కేంద్రానికి ఫోను చేశాను. ఎవరో కుర్రగొంతు ఎత్తింది.

"అది మార్చాలంటే దరఖాస్తు పెట్టాలి మేడం. వానాకాలం దాటాక చూస్తాం."

"వానాకాలం నువ్వు చూసినవా నాయనా?" అని ఫోను పెట్టేశాను.

గురువారం. గాలి బాగుంది.

తోవ దొరికింది. ఇంత చిన్న సంగతి రాత్రంతా తట్టలేదంటే నా బుర్ర తుప్పు పట్టింది. ఆటకు ఒక్కరే అరటిపండు అయితే ఆ చోటు వేరేవాళ్ళు పట్టుకుంటే సరి. చిన్నపిల్లలే కానక్కర్లేదు, కాలు బెణికిన వాడినీ, ఉరకలేని వాడినీ కూడా అరటిపండు చేసేవాళ్ళం.

దీపాలు వెలగగానే వెళ్ళి పిల్లల మధ్య నిలబడ్డాను. "నా మోకాళ్ళు పనిచెయ్యవు. ఇవాళ్టి సంది నేను అరటిపండు. నా వెనక ఇంకో చిన్నది వచ్చేదాకా నేనే" అన్నాను.

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు.

"సరే టీచర్" అన్నాడు బుగ్గడు.

పంటలు వేశాం. రెండుజడలు దొంగ. సమ్మి ఎప్పటిలాగే దాని ముందు నుంచి తీరిగ్గా నడిచింది. రెండుజడలు చెయ్యి చాపి, "సమ్మక్క ఔట్!" అంది.

సమ్మి ఆగిపోయింది. వెనక్కి చూసింది, వేరే సమ్మక్క ఎవరైనా ఉన్నారేమో అన్నట్టు.

"ఎవలు?"

"నువ్వే. ఇప్పుడు నువ్వు దొంగ."

అప్పుడు మొదలైంది చూడండి లొల్లి! చెక్క దిమ్మెలన్నీ విసిరింది. ఇసుక నా నెత్తిన పోసింది. రెండుజడలను తన్నబోయి గాలిని తన్ని వెల్లకిలా పడింది. "నేను దొంగ గాను! నేను గాను!" అని ఏడ్చి ఏడ్చి వెక్కిళ్ళు పట్టింది. ఎత్తుకుంటే నా భుజం కొరికింది.

శారద పంకాల మోత మధ్య నుంచి పరుగున వచ్చింది. పిల్లను లాక్కుంది.

"ఉన్న ఒక్క పిల్లను గిట్ల ఏడిపిస్తరా మేడం? ఏం నేర్పుతున్నరు మీరు?"

"ఓడుడు నేర్పుతున్న శారదా."

"అది పెద్దగైనంక బాయే నేర్పుతది. మీరు నేర్పుడెందుకు?" అని వెళ్ళిపోయింది.

దిమ్మెలు ఏరుకుంటూ నేనూ ఏడ్చాను. భుజం మండుతోంది. నీడలు వరసగా నిలబడి, "ఏడవకండి టీచర్, మీరే గెలిచారు" అన్నాయి. ఆపేశాను వెధవ దీపాలు.

శుక్రవారం. గాలి బాగుంది.

రాదనుకున్నాను. సైరన్ కాగానే తలుపు దగ్గర నిలబడి ఉంది, చేతిలో గట్క ముద్ద.

"అమ్మ ఇచ్చింది. కొరికిన కాడ నొస్తుందా?"

"జర నొస్తుంది."

"నేను ఇయ్యాల దొంగైతా" అంది. ఆ ముద్దలో సగం విరిచి నాకు పెట్టింది. ఇంతవరకు ఏనాడూ ఎవరికీ పెట్టలేదు ఆ పిల్ల.

రోజంతా ఆడింది. ఔటైంది, అరిచింది, మళ్ళీ ఆడింది. బువ్వాటలో బుగ్గడు గిన్నె నాదంటే, "ఇద్దరికి పెట్టుకుందాం తియ్" అంది. ఇప్పుడు లెక్కలో ఉంది కాబట్టి నీడలు కూడా పట్టు విడవటం లేదు. నా మనసు ఎంత తేలికయిందో! ఇంక నజీమా మేడం కాదు, ఆమె అత్తగారు వచ్చినా భయం లేదనుకున్నాను.

అట్లా అనుకోకుండా ఉండాల్సింది. మధ్యాహ్నం సమ్మి దొంగ. బండ మీద నుంచి దిగిన పొడుగక్క వెంట పడింది, గది చుట్టూ తరిమింది, మూలకు తోసి రెండు చేతులూ చాచి పట్టుకుంది. చేతులు పొడుగక్క లోంచి దూరి గోడకు కొట్టుకున్నాయి.

"నేను దొరికిపోయాను!" అంది పొడుగక్క.

"దొరకలే."

"దొరికాను సమ్మక్కా. నేను ఔట్."

"నువ్వు దొరకలే!" మళ్ళీ పట్టుకోబోయింది. మళ్ళీ గోడే. బుగ్గణ్ణి పట్టుకోబోయింది, రెండుజడలను పట్టుకోబోయింది. వేళ్ళ చివర చర్మం లేచిపోయింది. నేను వెళ్ళి ఆపితే గిర్రున తిరిగి నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా, రెండు చేతులతో.

"నేను దొరికిన కదా" అన్నాను నవ్వుతూ.

నా మొహంలోకి చూసింది.

"నువ్వు దొరుకుతవ్ గని లెక్కల రావు టీచర్."

గుడ్డ చించి ఆ వేళ్ళకు పేలికలు కట్టాను.

మంగళవారం. గాలి బాగుంది.

నజీమా మేడం ట్రాలీలో వచ్చింది. సన్నగా, మాటకు ముందు నవ్వు. చాప మీదే కూర్చుంది, కుర్చీ వద్దంది. ఆమె తన చేతి డబ్బాలోని ఖర్జూరాలు మధ్యలో పెట్టి ఊరుకుంది. సమ్మి ఒకటి తీసుకుంది, ఒకటి నాకిచ్చింది, ఒకటి బుగ్గడి ముందు పెట్టి, "ఆడు తినలేడు గని ముందల పెట్టాలె" అంది. తర్వాత నేలా బండా. మూడుసార్లు ఔటైంది. ఒకసారి పెదవి వణికింది, అంతే.

"ప్రమీల గారూ, కమాల్ చేశారు మీరు" అంది నజీమా మేడం. "ఒంటరి పిల్లల్ని చాలామందిని చూశాను, ఇట్లా ఆడినవాళ్ళు లేరు. ఈ పాపను ఇక్కడ నుంచి కదిలించే పని లేదు."

తలుపు దగ్గర నిలబడ్డ శారద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓదెలు నా వైపు చూసి చేతులు జోడించాడు. గెలిచాను! ఎన్నేళ్ళకో గెలిచాను.

అప్పుడు సమ్మి వచ్చి నజీమా మేడం ఒడి దగ్గర నిలబడింది. ముందు ఆమె మోచెయ్యి తట్టి చూసింది.

"మీ బాయిల పిల్లలున్నరా?"

"ఉన్నారు బేటా. చాలామంది ఉన్నారు."

"దొరుకుతరా?"

నజీమా మేడంకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. శుక్రవారం నుంచి ఆ ప్రశ్న కోసమే భయపడుతున్నాను. ఆమె నన్ను చూసి, "ఏమంటుంది?" అని అడిగింది.

ఏదో ఒకటి చెప్పేయవచ్చు. ఖర్జూరాలు అడుగుతోందనవచ్చు. నవ్వేసి బువ్వాటకు పిలిస్తే పిల్ల మరిచిపోయేది కూడా. ఆ గదిలో సంగతి తెలిసింది నాకొక్కదానికే. సమ్మి వేళ్ళకు నేను కట్టిన గుడ్డపేలికలు ఇంకా ఉన్నాయి.

"పట్టుకుంటే చేతికి అందే పిల్లలు ఉన్నారా అని అడుగుతోంది" అన్నాను. "తీసుకెళ్ళండి మేడం. ఆడటం నేర్పాను, ఆడటానికి మనుషుల్ని నేనివ్వలేను. కాని వసతి బడికి పంపను. రెండో బాయిలో పంకాల పనికి మనుషులు చాలటం లేదని విన్నాను. శారదను కూడా తీసుకెళ్ళండి. లేదంటే ట్రాలీకి అడ్డం పడుకుంటాను."

"ఏందిది టీచరమ్మా?" అన్నాడు ఓదెలు. "నువ్వే కదా ఉంచుతనంటివి."

"అంటిని. తప్పంటిని. పొల్ల గోడలు పట్టుకుంటుంది ఓదెలూ."

కూతురి చేతివేళ్ళు చూశాడు. పేలిక ఊడినచోట మళ్ళీ ముడేశాడు. శారదకు అక్కడే పంకాల పని ఇప్పిస్తానని, ఓదెలు సెలవు రోజున ట్రాలీలో వెళ్ళి చూసి రావచ్చని నజీమా మేడం మాటిచ్చింది.

శనివారం. గాలి బాగుంది.

తల్లీకూతుళ్ళు బయల్దేరారు. మూటలు ట్రాలీలో వేశాక సమ్మి మళ్ళీ బడిలోకి ఉరికొచ్చింది. దీపాలు వేయమంది. నీడలు ముగ్గురినీ వరసగా నిలబెట్టి వేలు చూపించి చెప్పింది.

"నేను పోతున్న. టీచర్ ఒక్కతే ఉంటది. మంచిగ సూస్కోండ్రి. టీచర్ అరటిపండు. ఎప్పటికి ఔట్ జెయ్యొద్దు, ఎర్కనా?"

"సరే సమ్మక్కా" అన్నారు ముగ్గురూ.

నా మెడ చుట్టూ చేతులు వేసింది. తర్వాత దిగి, సొరంగంలో ఎదురొచ్చిన ఎల్లవ్వను చూసి, పక్కకు తప్పుకుని పరుగెత్తింది. అది చూసి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

గురువారం. గాలి బాగుంది.

హాజరు: సున్నా. బడి మూసేయమని కేంద్రం ఇంకా చెప్పలేదు, అందుకని చాపలు ఆరేశాను.

మధ్యాహ్నం తీగ ఫోను మోగింది. వెనక ఒకటే గోల, పిల్లల గోల.

"టీచర్! నేను దొంగైన! మోకాలు పల్గింది! ఈడ ఖాజా అని చిన్న పోరడుండు, ఆడు అరటిపండు. నన్ను ముట్టుకున్నరు టీచర్, జడ గుంజిన్రు!"

"ఏడ్చినవా?"

"ఏడ్చిన!" అంది గొప్పగా. ఎవరో పిలిచారు, ఫోను అక్కడే వదిలేసి ఉరికింది. ఎవరో వచ్చి పెట్టేసేదాకా ఆ గోల వింటూ నిలబడ్డాను.

ఓదెలు పంపుల దగ్గర నుంచి వచ్చి, పిల్ల మాట్లాడిందా అని అడిగాడు. చెప్పాను. మోకాలు పగిలిందంటే అదే మాట మళ్ళీ చెప్పించుకున్నాడు. ఇద్దరం గట్క తిన్నాం. షిఫ్టు సైరన్ కూస్తే లేచి వెళ్ళాడు.

గది చాలా సప్పగా ఉంది. నాకు ఒంటరిగా ఉంది, ఎవరూ చదవని చిట్టాలో అయినా రాయాలి కదా, చాలా ఒంటరిగా ఉంది. దీపాలు వేశాను. పొడుగక్క, బుగ్గడు, రెండుజడలు నవ్వుతూ నిలబడ్డారు. పంటలు వేద్దాం రండి అన్నాను. వేశాం. బుగ్గడు దొంగయ్యాడు, నేల కోరుకున్నాడు. నేను కావాలనే బండ దిగి నేల మీద నడిచాను. వాడి ముందు నుంచే నడిచాను. ఆగి, చెయ్యి చాపి నిలబడ్డాను.

"ముట్టుకోరా" అన్నాను. "ఒక్కసారి నన్ను ఔట్ చెయ్యి. నన్ను దొంగను చెయ్యి."

బుగ్గడు తల అడ్డంగా ఊపాడు, ఎంతో మర్యాదగా.

"సమ్మక్క వద్దని చెప్పింది టీచర్. మీరు అరటిపండు కదా."

ఎప్పటిదాకా రా అని అడిగాను. నా వెనక ఇంకో చిన్నది వచ్చేదాకా అన్నాడు.